రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం లాగట్లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి

ముండ్లమూరు, ప్రకాశం జిల్లా: కారులో నలుగురు ఎక్కారు, డిక్కీ నిండా సామాను. దర్శి, పొదిలి, మార్కాపురం దాటేదాకా అంతా బాగానే ఉంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ మొదలయ్యాక కథ మారింది. పైగేర్‌లో యాక్సిలరేటర్ నొక్కితే ఆర్పీఎం ముల్లు 2,000 నుంచి 3,500కి ఎగిరింది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. కాసేపటికి ఏదో మాడిన వాసన. ఇలాంటి అనుభవం మీకూ ఎదురైందా? అయితే అది క్లచ్ జారడం కావచ్చు. మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే క్లచ్ స్లిప్.

టర్బో ఇంజిన్ ఉన్న కార్లు ఇప్పుడు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. పాత అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్‌తో వచ్చింది. 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్‌ది 120 హార్స్‌పవర్, 170 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్. ఇవి చాలవని కొందరు ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి (దీన్నే రీమ్యాప్ అంటారు) మరింత పికప్ తెచ్చుకుంటున్నారు. ఇంజిన్ బలం పెరిగింది సరే.. ఆ బలాన్ని చక్రాలకు అందించాల్సిన క్లచ్ సంగతేంటి? అది పాతదే కదా! అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది.

అసలు క్లచ్ ఎందుకు జారుతుంది?

ఇంజిన్ వెనక ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దానికి బిగించి ప్రెషర్ ప్లేట్ ఉంటుంది. ఈ రెంటి మధ్యలో క్లచ్ ప్లేట్. పెడల్ మీద కాలు లేనప్పుడు ప్రెషర్ ప్లేట్‌లోని స్ప్రింగ్ ఆ క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కేసి గట్టిగా అదిమి పట్టుకుంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకెళ్లి ఆ పట్టు వదిలిస్తుంది. అంతే. పళ్లూ లేవు, గొళ్లెమూ లేదు.. మొత్తం రాపిడి మీదే నడిచే పని. రాపిడి తగ్గినా, అదిమే బలం తగ్గినా, ఇంజిన్ టార్క్ ఆ పట్టును మించినా ప్లేట్ జారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది అర్థం కావడానికి వేసిన ఉదాహరణ మాత్రమే, ఏ ఒక్క కారుదీ కాదు. క్లచ్ ప్లేట్‌కి రెండు పక్కలా రాపిడి ఉంటుంది కాబట్టి 2. రాపిడి గుణకం 0.3. స్ప్రింగ్ అదిమే బలం 4,500 న్యూటన్లు. ప్లేట్ సగటు వ్యాసార్థం 9 సెంటీమీటర్లు, అంటే 0.09 మీటరు. ఈ నాలుగింటినీ గుణిస్తే 243 న్యూటన్ మీటర్లు. అంటే అంతవరకు ఆ క్లచ్ జారకుండా పట్టుకోగలదు. కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్ టార్క్ 175 అనుకుంటే బోలెడంత మార్జిన్ ఉన్నట్టే.

అదే ఇంజిన్‌ని రీమ్యాప్ చేయించి 230కి పెంచారనుకోండి. మార్జిన్ దాదాపు పోయింది. వాడకం వల్ల అదిమే బలం పదో వంతు తగ్గితే క్లచ్ పట్టు 219కి దిగుతుంది. ఇప్పుడు 230 దగ్గర జారక తప్పదు. కానీ అదే క్లచ్ 175 ఇంజిన్‌కి ఇంకా హాయిగా పనిచేస్తుంది! రీమ్యాప్ చేయించిన వారానికే క్లచ్ పోయిందని చాలామంది ట్యూనింగ్ చేసినవాళ్లతో గొడవకు దిగుతారు. నిజానికి ఆ క్లచ్ అప్పటికే సగం అరిగి ఉండొచ్చు, రీమ్యాప్ ఆ సంగతి బయటపెట్టిందంతే.

ఇంకో కోణం చూడండి. ప్లేట్ కొత్తదే, స్ప్రింగ్ బాగుంది, కానీ ఇంజిన్ ఆయిల్ కారి ప్లేట్‌కి అంటింది. రాపిడి గుణకం 0.3 నుంచి సగానికి పడిపోతే పట్టు కూడా సగమే.. 121. ఇక రీమ్యాప్ లేకపోయినా జారుతుంది. అందుకే జారుతోంది అనగానే ప్లేట్ మార్చేయడం కాదు, ఎందుకు జారుతోందో తేల్చుకోవాలి. ఆయిల్ కారుతున్న సీల్‌ని అలాగే వదిలేసి కొత్త ప్లేట్ వేస్తే అదీ జారుతుంది. గేర్‌బాక్స్ దించే కూలి రెండోసారి మీ జేబులోంచే పోతుంది.

ఇలా పరీక్షించండి.. ఫోన్ చాలు

మన ఊళ్ల షెడ్డుల్లో ఎప్పటినుంచో ఒక పరీక్ష ఉంది. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్‌లో పెట్టి, మెల్లగా రేస్ ఇస్తూ క్లచ్ వదలడం. ఇంజిన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, తిరుగుతూనే ఉంటే పోయినట్టు. ట్రాక్టర్‌కీ పాత డీజిల్ జీపుకీ ఇది సరిపోతుంది. టర్బో కారుకి మాత్రం దీన్ని నమ్మొద్దు. ఎందుకంటే నిలబెట్టిన బండిలో, తక్కువ ఆర్పీఎంలో టర్బో ఒత్తిడి రాదు. ఇంజిన్ తన పూర్తి టార్క్‌లో కొంత భాగమే ఇస్తుంది. ఆ కొంతను అరిగిన క్లచ్ కూడా పట్టుకోగలదు. కాబట్టి ఇందులో ఫెయిలైతే క్లచ్ పూర్తిగా పోయిందని చెప్పొచ్చు. పాసైతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఈ పరీక్ష చేసేటప్పుడు బండి ముందు ఎవరూ నిలబడకూడదు, ఒకటికి రెండుసార్లు చేయకూడదు. చేసిన ప్రతిసారీ ప్లేట్ కాలుతుంది.

సరైన పరీక్ష రోడ్డు మీదే. అద్దంకి-నార్కట్‌పల్లి హైవే లాంటి చోట ట్రాఫిక్ లేని వేళ, తిన్నటి సమతలం చూసుకోండి. ముందు ఓ పది, పదిహేను కిలోమీటర్లు నడిపి బండిని వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు పట్టిన క్లచ్ వేడెక్కాక జారడం మామూలే. పక్క సీట్లో ఉన్నవాళ్లని ఫోన్‌తో డ్యాష్‌బోర్డు వీడియో తీయమనండి. ఆర్పీఎం, స్పీడు రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించాలి. డ్రైవర్ మాత్రం ఫోన్ ముట్టుకోకూడదు.

ఐదో గేర్‌లో 60 కిలోమీటర్ల స్పీడులో స్థిరంగా వెళ్తూ ఆర్పీఎం ఎంతుందో చూడండి. 2,000 అనుకుందాం. ఇప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఒకే గేర్‌లో ఉన్నంతసేపూ ఆర్పీఎం, స్పీడు ఒకే నిష్పత్తిలో పెరగాలి. 60 దగ్గర 2,000 అయితే 66 దగ్గర 2,200, 72 దగ్గర 2,400. అంతకుమించి రాకూడదు. వీడియో ఆపి ఆపి చూస్తే స్పీడు 66 ఉన్నప్పుడు ఆర్పీఎం 2,900 కనిపించిందా? ఇక అనుమానం అక్కర్లేదు, ఆ 700 తేడా క్లచ్ దగ్గరే పోతోంది. ఓబీడీ పరికరం ఉంటే ఫోన్ యాప్‌లో ఈ రెండు అంకెలూ ఇంకా కచ్చితంగా వస్తాయి. జారుతోందని తేలగానే యాక్సిలరేటర్ వదిలేయండి. మళ్లీ మళ్లీ చూసి ముచ్చట పడాల్సిన విషయం కాదిది.

ముందు పైగేర్లలోనే ఎందుకు బయటపడుతుంది? రెండో గేర్‌లో బండి తేలిగ్గా ముందుకు ఉరుకుతుంది కాబట్టి ఇంజిన్ పూర్తి టార్క్ క్లచ్ మీద ఎక్కువసేపు నిలవదు. ఐదు, ఆరు గేర్లలో బండి బరువు, గాలి, ఎత్తు అన్నీ కలిసి ఇంజిన్‌ని పట్టి ఉంచుతాయి. టర్బో ఇంజిన్‌కి పూర్తి టార్క్ వచ్చేదీ సరిగ్గా ఆ 2,000 ఆర్పీఎం చుట్టుపక్కలే.

క్లచ్ అనుకుంటారు.. కాకపోవచ్చు

పికప్ లేని ప్రతి బండికీ క్లచ్ పోలేదు. యాక్సిలరేటర్ తొక్కితే స్పీడూ పెరగట్లేదు, ఆర్పీఎమ్మూ పెరగట్లేదు, ఇంజిన్ లైట్ వెలుగుతోంది అంటే సమస్య ఇంజిన్‌లో, టర్బోలో, దాని పైపుల్లో ఉంది. క్లచ్ మార్చినా ఒరిగేదేమీ ఉండదు. వానకు తడిసిన రోడ్డు మీద మొదటి గేర్‌లో చక్రాలు గిర్రున తిరిగితే ఆర్పీఎం, స్పీడోమీటర్ రెండూ కలిసి ఎగురుతాయి. అది టైర్ల జారుడు. గేర్ పడేటప్పుడు కర్రుమంటోంది, రివర్స్ పడట్లేదు అంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదని అర్థం, జారడానికి అది పూర్తిగా వ్యతిరేకం. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. సీవీటీ ఆటోమేటిక్‌లలో ఆర్పీఎం ముందు ఎగిరి స్పీడు తర్వాత రావడం వాటి స్వభావమే.

జారుతోందని తేలాక కూడా గేర్‌బాక్స్ జోలికి వెళ్లేముందు పైపైన చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డబ్బులేమీ ఖర్చు కావు. ఫ్లోర్ మ్యాట్ పెడల్ వెనక్కి జరిగి దాన్ని పూర్తిగా పైకి రానివ్వట్లేదేమో చూడండి. నవ్వొచ్చే సంగతే కానీ జరుగుతుంది. కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కి పైన కొంచెం ఫ్రీ ప్లే ఉండాలి. ప్లేట్ అరిగేకొద్దీ ఆ ఫ్రీ ప్లే తగ్గుతూ వచ్చి, చివరికి కేబులే ప్రెషర్ ప్లేట్‌ని కొద్దిగా లాగి పట్టుకుంటుంది. అడ్జస్ట్ చేస్తే కొన్నిసార్లు జారుడు పోతుంది. హైడ్రాలిక్ క్లచ్ అయితే మాస్టర్ సిలిండర్‌లో నూనె వెనక్కి వచ్చే సన్న రంధ్రం మూసుకుపోతే, కాలు తీసినా లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. బండి వేడెక్కాక జారుతూ, చల్లారాక బాగుంటే ఇది కూడా చూడమనండి.

పెడల్ పట్టే చోటు బాగా పైకి వచ్చిందంటే ప్లేట్ అరిగిందని మనవాళ్లు అంటారు. చాలా బండ్లకు నిజమే. అయితే అరుగుదలను తనంతట తానే సర్దుకునే ప్రెషర్ ప్లేట్లు ఉన్న కార్లలో పెడల్ ఎత్తు మారదు. పెడల్ బాగానే ఉంది కదా అని ధైర్యపడొద్దు.

తర్వాత బండిని లేపి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట కింద చూడండి. తడి ఉందా? నల్లగా, ఇంజిన్ ఆయిల్ వాసనతో ఉంటే క్రాంక్ వెనక ఆయిల్ సీల్. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన ఉంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. నీళ్లలా పలచగా ఉండి, సీసాలో ద్రవం కూడా తగ్గుతుంటే లోపలి క్లచ్ సిలిండర్ కారుతోంది. ఈ మూడింటిలో ఏదో తెలియకుండా కొత్త క్లచ్ కొనొద్దు.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

పశ్చిమ ప్రకాశంలో క్లచ్ పని తెలిసిన చేతులకు కొదవ లేదు. ట్రాక్టర్‌ని మధ్యకు విడదీసి డబుల్ క్లచ్ వేసేవాళ్లకు కారు గేర్‌బాక్స్ దించడం కొత్తేమీ కాదు. కానీ ట్రాక్టర్‌కి పనికొచ్చే అందాజు బిగింపు ఇక్కడ పనికిరాదు. ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఆ కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. అదీ ఒక బోల్టు పూర్తిగా బిగించి ఇంకోదానికి పోవడం కాదు. ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా, వరుస తప్పకుండా. లేకపోతే ప్రెషర్ ప్లేట్ కవర్ వంగుతుంది, కొత్త క్లచ్ మొదటిరోజు నుంచే వణుకుతుంది.

క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్‌గా మార్చండి. బేరింగ్ బాగానే ఉందిలే అని పాతది వేస్తే అది మూడు నెలలకు అరిచిందనుకోండి, మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే. బేరింగ్, సిలిండర్ ఒకటిగా ఉండే రకమైతే అదీ కొత్తదే వేయాలి. గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే క్రాంక్ వెనక సీల్ చూడండి. కాస్త చెమర్చినా మార్చేయడమే మంచిది. సీల్ ఖరీదు ఆ కూలితో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఇక ఫ్లైవీల్. జారిన క్లచ్ ఎంత వేడెక్కిందో అదే చెబుతుంది. నీలం మచ్చలు, సన్నటి పగుళ్ల గీతలు, గాళ్లు పడ్డాయేమో చూడాలి. మామూలు ఒంటి ఫ్లైవీల్ అయితే లేత్ మీద ముఖం తీయించుకోవచ్చు, కంపెనీ చెప్పిన మందానికి తగ్గకుండా. చాలా టర్బో డీజిళ్లలో, కొన్ని పెట్రోల్ కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. లోపల స్ప్రింగులు ఉండి రెండు ముక్కలుగా ఉంటుంది. దాన్ని మామూలుగా లేత్ పట్టించరు. రెండు ముక్కల మధ్య ఆట ఎంతుందో కొలిచి, హద్దు దాటితే మార్చాలి. ఇది ఖరీదైన భాగం. అందుకే పని ఒప్పుకునే ముందే, డ్యూయల్ మాస్ మార్చాల్సి వస్తే ఎంతవుతుందో అడిగి పెట్టుకోండి. సగం విప్పాక ఫోన్‌లో బేరమాడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

క్లచ్ ప్లేట్ తిప్పి వేయడం అనే తప్పు అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు. ప్లేట్ మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసి ఉంటుంది. బిగించే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ప్లేట్‌ని మధ్యకు తెచ్చేందుకు అలైన్‌మెంట్ టూల్ వాడాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ గాళ్లకు గ్రీజు పలచగా రాసి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైన గ్రీజు తిరిగే వేగానికి చిమ్మి ప్లేట్ మీదే పడుతుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ఆ షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు, కొత్త ప్లేట్ మధ్యభాగం వంగిపోతుంది. కింద ఎప్పుడూ సరైన జాకీ ఉండాలి. బండి స్టాండ్ల మీద నిలబడాలి, జాకీ మీద కాదు. ఇందులో మాత్రం ఎవరి అనుభవాన్నీ నమ్మొద్దు.

లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి. పాత ప్లేట్లలో, కొన్ని చౌక రకాల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఊపిరితిత్తులకు అది చాలా ప్రమాదం. తడిగుడ్డతోనో, బ్రేక్ క్లీనర్‌తోనో తుడవాలి. కొత్త ప్లేట్ ముఖాన్ని ఆయిల్ చేతులతో పట్టుకోకూడదు.

ఎలాంటి క్లచ్ వేయాలి?

రీమ్యాప్ లేని కారైతే కంపెనీ క్లచ్ చాలు. వాలియో, లుక్, ఎక్సెడీ, సాక్స్ లాంటి పేరున్న తయారీదార్లవి దొరుకుతాయి. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ సరిచూసుకోండి. ఒకే కారులో ఇంజిన్‌ను బట్టి ప్లేట్ సైజు మారుతుంది. అట్టపెట్టె అచ్చం అలాగే ఉన్న నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు లేకుండా కొనొద్దు.

రీమ్యాప్ చేయించినవాళ్లు ఇంటర్నెట్‌లో చూసి నేరుగా సిరామిక్ ముక్కల రేసింగ్ క్లచ్‌కి వెళ్తుంటారు. అది మన రోడ్లకు పనికిరాదన్నది మా అభిప్రాయం. దాని రాపిడి ఎక్కువే, వేడినీ బాగా తట్టుకుంటుంది. కానీ పట్టితే ఒక్కసారిగా పడుతుంది, మెల్లగా పట్టడం దానికి చేతకాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర, గేదెల మంద వెనక, ఘాట్‌లో ఆగి కదిలేటప్పుడు బండి కుదుపులతో చంపేస్తుంది. దానికి బదులు మామూలు ఆర్గానిక్ ప్లేట్‌తో, గట్టి స్ప్రింగ్ ఉన్న ప్రెషర్ ప్లేట్ చూసుకోండి. మన లెక్కలో అదిమే బలాన్ని 20 శాతం పెంచితే 243 కాస్తా 291 దాటుతుంది. 230 ఇంజిన్‌కి అది సరిపోతుంది. పెడల్ కాస్త బరువెక్కుతుంది, అంతే. లేదంటే రీమ్యాప్‌లోనే తక్కువ ఆర్పీఎం టార్క్ తగ్గించమని అడగొచ్చు. క్లచ్‌ని తినేది ఎక్కువగా ఆ టార్కే, పై ఆర్పీఎంలో వచ్చే హార్స్‌పవర్ కాదు.

వారంటీ మీద ఆశ పెట్టుకునేముందు పుస్తకం చదవండి. క్లచ్ ప్లేట్‌ను అరిగే భాగంగానే చూస్తారు. రీమ్యాప్ బయటపడితే మాట్లాడేందుకు అవకాశం ఇంకా తగ్గుతుంది.

వేసిన కొత్తలో..

కొత్త ప్లేట్ ముఖం ఫ్లైవీల్‌తో పూర్తిగా కుదురుకోవాలి. మొదటి 500 నుంచి 1,000 కిలోమీటర్లు మామూలుగా, వీలైనంత ఊళ్లో ఆగుతూ కదులుతూ నడపండి. హైవే మీద ఒకే గేర్‌లో 500 కిలోమీటర్లు కొట్టేస్తే లెక్క పూర్తయినట్టు కాదు. క్లచ్ పట్టి వదిలితేనే కదా కుదురుకునేది! షెడ్డు నుంచి బయటికి రాగానే పికప్ చూద్దామని ఫుల్ రేస్ ఇస్తే ప్లేట్ ముఖం అక్కడే మెరుగు తేలి గాజులా అవుతుంది.

మన దగ్గర ఇంకో అలవాటుంది. పొలంలో ట్రాక్టర్ తోలి వచ్చినవాళ్లు కారులోనూ ఎడమ కాలు క్లచ్ మీదే ఆనించి ఉంచుతారు. హాఫ్ క్లచ్‌తో చడావు మీద బండిని నిలబెడతారు. కారు క్లచ్ దీన్ని ఎక్కువకాలం భరించదు. చడావు మీద ఆగితే హ్యాండ్ బ్రేక్ వేయండి.

దారిలోనే జారడం మొదలైతే?

ఘాట్ మొదలయ్యే ముందే తెలిస్తే ఎక్కకండి. దోర్నాల-శ్రీశైలం దారి సుమారు 50 కిలోమీటర్లు, అంతా నల్లమల అడవి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. పులుల అభయారణ్యం కావడంతో రాత్రిపూట వాహనాలను పోనివ్వరు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్‌లోనూ ఆగిపోతే ఇబ్బందే. దోర్నాలలోనో గిద్దలూరులోనో ఆగి మెకానిక్‌ని వెతుక్కోవడం నయం.

అప్పటికే మధ్యలో ఉంటే ఏసీ ఆపేయండి. పైగేర్ వదిలి కింది గేర్‌లోకి రండి, యాక్సిలరేటర్ సగం కూడా తొక్కకండి. కింది గేర్‌లో అదే చడావుకు ఇంజిన్ నుంచి తక్కువ టార్క్ చాలు కాబట్టి క్లచ్ పట్టు నిలుస్తుంది. వాసన వస్తే పక్కకు తీసి, అరగంటైనా చల్లారనివ్వండి. చల్లారాక కొంత పట్టు తిరిగొస్తుంది, దాన్ని నమ్మి రేస్ ఇవ్వొద్దు.

దిగుడులో ఇంకో ప్రమాదం ఉంది. కింది గేర్‌లో పెట్టి ఇంజిన్‌తో బండి వేగాన్ని ఆపడం ఘాట్ డ్రైవింగ్‌లో ముఖ్యం. దానికి కావాల్సిన టార్క్ తక్కువే కాబట్టి కొద్దిగా జారే క్లచ్ అక్కడ పట్టుకుంటుంది. పూర్తిగా అరిగిపోయింది మాత్రం ఆ పట్టు కూడా ఇవ్వదు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలినా బండి ఈడ్చినట్టు నెమ్మదించకుండా న్యూట్రల్‌లో ఉన్నట్టే దొర్లుతుంటే, ఆ బండితో కిందికి దిగకండి. టో వ్యాన్ వచ్చేదాకా ఆగండి.